కొంగున కట్టని తాళాల గుత్తి

ఇంటికి తాళం ఉంటుంది. బీరువాకు తాళం ఉంటుంది. మరి పట్టాదారు పాసు పుస్తకం వెనకున్న తహసీల్దారు సంతకానికో? ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు వెళ్లే పైసలకో? ఫోనులో రోజూ తెరిచే యాప్‌కో? వాటికీ తాళాలున్నాయి, తాళంచెవులున్నాయి. కాకపోతే కంటికి కనిపించవు. అవి ఎక్కడుంటాయి? ఎవరు చూసుకుంటారు? గుత్తిలో ఒక్కటి పోతే ఏమవుతుంది?

కొడిమ్యాలలో ఓ నెట్ సెంటర్ అనుకోండి. కొడుకు దుబాయ్ ప్రయాణానికి కాగితాలన్నీ సర్దుతున్న ఓ పెద్దాయన ఆధార్ ప్రింటు తీయించుకుందామని వచ్చాడు. సెంటర్ కుర్రాడు ఫైలు తెరిచాడు. పేరు, ఫొటో, చిరునామా అన్నీ బాగానే ఉన్నాయి. ఓ పక్కన మాత్రం పసుప్పచ్చటి ప్రశ్నార్థకం. దాని దగ్గరే ఇంగ్లిషులో 'వ్యాలిడిటీ అన్‌నోన్' అన్న మాట.

''గీ ప్రశ్న గుర్తేంది బిడ్డా? మావోని ఆధార్ దొంగదంటాందా ఏంది?''

''దొంగది కాదు కాకా... సంతకం పెట్టినోళ్లు ఎవరో గీ కంప్యూటర్‌కు ఎర్క లేదంటాంది. ఎర్క జేస్తే ఊకుంటది.''

కుర్రాడు ఆ గుర్తు మీద మౌస్ కుడి మీట నొక్కాడు. సంతకం వివరాల్లోకి వెళ్లాడు. దాన్ని ఎవరు జారీ చేశారో చదివాడు. 'నమ్మదగినవాటిలో చేర్చు' అన్న చోట నొక్కాడు. మళ్లీ సరిచూడమన్నాడు. ప్రశ్నార్థకం మాయమై పచ్చటి టిక్కు వచ్చింది. పెద్దాయన మొహంలోకి కళ వచ్చింది.

అర నిమిషం పని. కానీ ఆ అర నిమిషంలో జరిగింది చిన్న విషయం కాదు. కంప్యూటర్ లోపల కనిపించకుండా ఉండే ఒక గుత్తిలోకి మరో ధ్రువపత్రం చేరింది. ఇక మీదట అదే సంతకంతో ఏ కాగితం వచ్చినా ఆ కంప్యూటర్ అనుమానించదు. ఇలాంటి గుత్తి మీ ఫోనులో ఉంది. బ్యాంకులో ఉంది. ఒక పెద్ద సంస్థలోనైతే అలాంటి తాళంచెవులు, ధ్రువపత్రాలు వందలు, వేలు. వాటిని ఒక్కొక్కటిగా మౌస్‌తో నొక్కుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే వాటిని కాపాడేవాళ్లు నల్లటి తెర ముందు కూర్చుని ఒక్క వరుస ఆదేశం టైపు చేస్తారు. అంతే, గుత్తి మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది!

కొడిమ్యాల మండలంలోని నాచుపల్లిలో, కొండగట్టుకు దగ్గర్లో, జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007లో మొదలైంది. అలాంటి కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివి కొలువుల్లో చేరే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు తప్పని పని ఇది. పనివాళ్లకు సరే, మనకెందుకు అంటారా? ఆ గుత్తిలో వేలాడుతున్నది మన భూమి, మన జీతం, మన పేరు. అందుకు!

పోస్టు డబ్బా... పెద్దల పూచీ

పాత కాలం తాళానికి ఒకే చెవి. వేసేదీ అదే, తీసేదీ అదే. రహస్య లేఖలకూ శతాబ్దాల పాటు ఇదే పద్ధతి. రాసేవాడి దగ్గర ఏ సంకేతం ఉందో చదివేవాడి దగ్గరా అదే ఉండాలి. మరి ఆ సంకేతాన్ని అవతలి వ్యక్తికి చేర్చేదెలా? దారిలో ఎవరైనా చూస్తే? చిక్కంతా అక్కడే.

ఆ చిక్కుముడిని 1976లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ విప్పారు. తాళానికి రెండు చెవులు ఉండొచ్చు కదా అన్నది వాళ్ల ఆలోచన. ఒకటి అందరికీ పంచిపెట్టేది, రెండోది ప్రాణంపోయినా ఎవరికీ ఇవ్వనిది. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని లెక్కల్లో పెట్టి చూపించారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే దానికి ఆర్ఎస్ఏ అన్న పేరు వచ్చింది. విచిత్రమేమిటంటే బ్రిటన్ ప్రభుత్వ గూఢచార విభాగంలోని గణితవేత్తలు అంతకు ముందే ఈ సంగతి కనిపెట్టారు. రహస్యం కాబట్టి 1997 దాకా లోకానికి చెప్పలేదు.

రెండు చెవుల సంగతి అర్థం కావాలంటే ఊళ్లో ఎర్రటి పోస్టు డబ్బాను గుర్తు చేసుకోండి. ఉత్తరం ఎవరైనా వేయొచ్చు. తీసేది మాత్రం తాళంచెవి ఉన్న పోస్టుమ్యానే. బహిరంగ తాళంచెవితో ఎవరైనా సందేశాన్ని మూసి పంపొచ్చు. రహస్య తాళంచెవి ఉన్నవాడే తెరవగలడు. సంతకానికి ఇదే తిరగేసిన పద్ధతి. రహస్య తాళంచెవి ఉన్నవాడే సంతకం చేయగలడు. బహిరంగ తాళంచెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. పైగా ఆ సంతకం కాగితంలోని ప్రతి అక్షరంతోనూ ముడిపడి ఉంటుంది. రెండెకరాలను మూడెకరాలుగా దిద్దారనుకోండి... సంతకం చెల్లదని కంప్యూటర్ వెంటనే చెప్పేస్తుంది.

అంతా బాగానే ఉంది. కానీ 'ఇది తహసీల్దారు గారి బహిరంగ తాళంచెవి' అని నేను మీకో తాళంచెవి ఇస్తే మీరు నమ్మేదెలా? ఎవరో ఒకరు పూచీ పడాలి. 1978లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో లోరెన్ కోన్‌ఫెల్డర్ అనే విద్యార్థి తన డిగ్రీ సిద్ధాంత వ్యాసంలో దీనికి మందు రాశాడు. 'ఫలానా తాళంచెవి ఫలానా వ్యక్తిదే' అని ఒక నమ్మకమైన సంస్థ సంతకం పెట్టి ఇచ్చే పత్రమే ఆ మందు. డిజిటల్ సర్టిఫికెట్ అంటే ఇదే. నకళ్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం తీసుకోవడం మనకు అలవాటే కదా... ఇదీ అలాంటిదే. ఆ ఆఫీసరు నిజమైనవాడేనా అంటే ఆయనకు పైన మరొకరు పూచీ. ఆయనకు పైన ఇంకొకరు. అలా గొలుసు పైకి వెళ్లి చివరికి ఒక మూలం దగ్గర ఆగుతుంది. ఆ మూలం మీ కంప్యూటర్ గుత్తిలో ఉంటే పచ్చ టిక్కు. లేకపోతే పసుప్పచ్చ ప్రశ్నార్థకం. నెట్ సెంటర్‌లో జరిగింది అదే!

పాసు పుస్తకం దాకా వచ్చిన సంతకం

మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత తెచ్చింది సమాచార సాంకేతిక చట్టం. 2000 అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కిందే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ అనే వ్యవస్థ ఏర్పడింది. దేశంలో పూచీల గొలుసుకు మూలం అదే. దాని దగ్గర లైసెన్సు పొందిన సంస్థలే మనకు డిజిటల్ సంతకాలు ఇస్తాయి. మొదట్లో లైసెన్సు పొందినవాటిలో మన హైదరాబాద్ సంస్థ కూడా ఉంది. మాసబ్‌ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీ. 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఈ సంస్థ బ్యాంకులకు సర్టిఫికెట్లు ఇస్తుంది. సిరిసిల్ల నుంచి ముంబయికి బ్యాంకు ద్వారా సొమ్ము పంపితే, దారిలో ఒక బ్యాంకు మరో బ్యాంకును గుర్తుపట్టే ఏర్పాటు వెనుక ఇలాంటి సర్టిఫికెట్లే ఉంటాయి.

పల్లెలకు ఈ సంతకం చేరింది మాత్రం మీసేవతో. 2011 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది మొదలైంది. కులం, ఆదాయం, నివాసం... ఏ ధ్రువపత్రానికైనా అధికారి పెన్ను పట్టక్కర్లేదు. కంప్యూటర్‌కు గుచ్చే చిన్న పరికరం, దానికో రహస్య సంఖ్య చాలు. మండలాఫీసుల్లో డాంగిల్ అని పిలుచుకునేది దాన్నే. అధికారి రహస్య తాళంచెవి అందులోనే పుడుతుంది, అందులోనే ఉంటుంది. బయటకు నకలు తీయడానికి వీలుండదు. సంతకం చేయాల్సిన కాగితమే దాని లోపలికి వెళ్లి వస్తుందని అనుకోండి.

తర్వాత వంతు భూములది. తెలంగాణలో 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల శుద్ధీకరణ మొదలైంది. 2018 మే 10 నుంచి రైతుబంధుతో పాటు కొత్త పాసు పుస్తకాలు ఇచ్చారు. అప్పుడే 'డిజిటల్ సంతకం' అన్న మాట రచ్చబండ మీదికి వచ్చింది. ''సంతకం అయిందా?'' ''ఇంకా కాలే.'' తరతరాలుగా దున్నుకుంటున్న భూమి అయినా తహసీల్దారు డిజిటల్ సంతకం పడకపోతే పుస్తకం లేదు, పెట్టుబడి సాయం లేదు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. తహసీల్దార్లకే వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ బాధ్యత వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టాలు మారాయి, పోర్టళ్లు మారాయి. సంతకం చేసే తాళంచెవి ప్రాధాన్యం మాత్రం పెరుగుతూనే ఉంది.

ఇక్కడే ఓ ప్రమాదం పొంచి ఉంటుంది. డాంగిల్ నుంచి తాళంచెవిని ఎవరూ దొంగిలించలేరు. నిజమే. కానీ డాంగిల్‌నే కింది ఉద్యోగి చేతిలో పెట్టి, రహస్య సంఖ్యను చీటీ మీద రాసిస్తే? లెక్కల్లో ఎంత గట్టి తాళమైనా అప్పుడు గడ్డిపోచతో సమానం. సంతకం ఎవరి పేరున పడిందో కంప్యూటర్ చెబుతుంది. వేలు ఎవరిదో అది చెప్పలేదు!

గల్ఫ్ బాట పట్టే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వాళ్లకు ఇంకో సంగతి. మన దేశంలో చిప్ ఉన్న ఈ-పాస్‌పోర్టు ప్రయోగాత్మకంగా 2024 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ చిప్‌లోని వివరాల మీదా మన దేశం డిజిటల్ సంతకం ఉంటుంది. విదేశీ విమానాశ్రయంలోని యంత్రం దాన్ని సరిచూడాలంటే దాని గుత్తిలో మన దేశపు సర్టిఫికెట్ ఉండాలి. కొడిమ్యాల కుర్రాడికీ, అక్కడి యంత్రానికీ పని ఒకటే... నమ్మదగిన వాళ్ల జాబితా ఉంచుకోవడం.

నల్ల తెర మీద గుత్తి

ఇంతకీ ఆ నల్ల తెర మీద ఏం చేస్తారు? ఉదాహరణకు జావాను తీసుకుందాం. బ్యాంకులు, ప్రభుత్వ సైట్లు, పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో విరివిగా కనిపించే భాష అది. దాంతో పాటే 'కీటూల్' అనే చిన్న పనిముట్టు వస్తుంది. 1998లో వచ్చిన జావా 2 నాటి నుంచీ ఉంది. దీనికి బొమ్మలు, బటన్లు ఉండవు. టైపు చేయడమే. తాళంచెవులూ సర్టిఫికెట్లూ దాచే ఫైలును 'కీస్టోర్' అంటారు. తాళాల గుత్తి అని మనం అనుకుందాం. దానికో రహస్య పదం ఉంటుంది. గుత్తిలో ఒక్కో తాళానికి ఒక్కో ముద్దుపేరు. దాన్ని 'అలియాస్' అంటారు. తాళంచెవికి దారం కట్టి 'ధాన్యం కొట్టు', 'వెనక తలుపు' అని చీటీ అంటించినట్టన్నమాట.

కీటూల్ అని రాసి, పక్కన ఓ చిన్న గీత పెట్టి 'లిస్ట్' అంటే గుత్తిలో ఏమున్నాయో వరుసగా చెబుతుంది. 'జెన్‌కీపెయిర్' అంటే కొత్త జంట తాళంచెవులు తయారుచేస్తుంది. 'సర్ట్‌రెక్' అంటే పూచీ ఇచ్చే సంస్థకు పంపే దరఖాస్తు రాసిపెడుతుంది. ఆ సంస్థ ఇచ్చిన పత్రాన్ని 'ఇంపోర్ట్‌సర్ట్'తో గుత్తిలో చేరుస్తారు. పనికిరానిదాన్ని 'డిలీట్'తో తీసేస్తారు. ముఖ్యమైనవి ఇంచుమించు ఇవే. ఇల్లాలు తాళాల గుత్తితో చేసే పనులకూ వీటికీ పెద్ద తేడా లేదు!

అయితే కొత్తవాళ్లు కాలు జారే చోట్లు కొన్నున్నాయి. కొత్త తాళంచెవులు చేసేటప్పుడు ఈ పనిముట్టు 'మీ పేరు, ఇంటిపేరు ఏమిటి?' అని అడుగుతుంది. కుర్రాళ్లు ఎంతో మర్యాదగా సొంత పేరు రాస్తారు. వెబ్‌సైట్ కోసం చేస్తున్నప్పుడు అక్కడ రాయాల్సింది సైటు చిరునామా. పేరు రాస్తే ఆ పత్రం ఆ సైటుకు సరిపోదు. ఇంకోటి... గడువు ఎన్ని రోజులో మనం చెప్పకపోతే కీటూల్ 90 రోజులే ఇస్తుంది. మూడు నెలల తర్వాత ఓ ఉదయం అన్నీ ఆగిపోతే, కారణం వెతకడానికి రోజంతా పడుతుంది.

మూడోది మరీ చిత్రం. జావాతో పాటే ప్రపంచంలోని నమ్మకమైన పూచీ సంస్థల సర్టిఫికెట్లతో ఓ గుత్తి వస్తుంది. ఏళ్ల తరబడి దానికి ఉన్న రహస్య పదం 'చేంజిట్'. అంటే 'దీన్ని మార్చండి' అని! అందులో ఉన్నవన్నీ బహిరంగ పత్రాలే కాబట్టి దాన్ని ఎవరైనా చదివినా పోయేదేమీ లేదు. కానీ అదే పదాన్ని సొంత రహస్య తాళంచెవుల గుత్తికీ పెట్టుకుంటే మాత్రం... తలుపుకు తాళం వేసి చెవి గుమ్మం మీద పెట్టినట్టే.

యాప్ కోసం దాచిన తాళం

నాచుపల్లిలోనో, మరో కాలేజీలోనో చదివే ఓ కుర్రాణ్ని ఊహించుకోండి. మార్కెట్ యార్డుల్లో పసుపు ధరలు చెప్పే చిన్న యాప్ తయారుచేశాడు. ఊరూరా రైతులు ఫోన్లలో వేసుకున్నారు. ఓ రోజు ల్యాప్‌టాప్ పాడైంది. కొత్తది కొన్నాడు. యాప్‌లో ఓ తప్పు దిద్ది మళ్లీ పంపాలనుకున్నాడు. ఫోన్లు తీసుకోనన్నాయి!

కారణం ఏమిటంటే ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రతి యాప్ మీదా తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. కొత్త కూర్పు మీదా అదే తాళంచెవితో చేసిన సంతకం ఉంటేనే ఫోను ఒప్పుకుంటుంది. లేకపోతే ఎవరైనా మీ బ్యాంకు యాప్ పేరుతో దొంగ యాప్‌ను దాని మీద ఎక్కించేయగలరు కదా! కుర్రాడి తాళంచెవి పాత ల్యాప్‌టాప్‌తోనే పోయింది. ఇక కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టుకుని, పాత వాళ్లందర్నీ మళ్లీ బతిమాలుకోవాలి. ఎందరో డెవలపర్లు ఇలా ఏళ్ల కష్టాన్ని పోగొట్టుకున్నారు. గూగుల్ ప్లేలో ఉంచే యాప్ తాళంచెవికి 2033 అక్టోబరు 22 దాటే దాకా గడువుండాలన్నది నియమం. అంటే అన్నేళ్ల పాటు ఓ చిన్న ఫైలును భద్రంగా దాచాలి. పెళ్లినాటి పట్టుచీరను దాచినట్టు!

ఈ బాధ చూసే 2017లో గూగుల్ ఓ వెసులుబాటు తెచ్చింది. అసలు తాళంచెవిని తానే దాచిపెడుతుంది. తయారుచేసినవాళ్లు తమ దగ్గర మరో తాళంచెవి ఉంచుకుంటారు. అది పోతే అడిగి మార్పించుకోవచ్చు. 2021 ఆగస్టు నుంచి గూగుల్ ప్లేలో కొత్త యాప్‌లన్నింటికీ ఇదే పద్ధతి. కష్టం తీరింది కానీ, ఇంటి తాళం పక్కింటివాళ్ల దగ్గర ఉంచినట్టయింది. ఏది మేలో ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

గడువు దాటిన పత్రం

తాళంచెవి పోవడం ఒక ప్రమాదం. ఉన్న పత్రానికి గడువు తీరడం మరోటి. ఇది చప్పుడు చేయదు. అందుకే ఎక్కువ ప్రమాదం.

2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓటూ అనే సంస్థ మొబైల్ వినియోగదారులు పొద్దున్నే లేచి చూస్తే ఇంటర్నెట్ లేదు. సుమారు 3.2 కోట్ల మందికి ఇబ్బంది. జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ వినియోగదారులదీ అదే రోజు అదే గతి. తీరా చూస్తే రెండు చోట్లా ఎరిక్సన్ సరఫరా చేసిన సాఫ్ట్‌వేర్‌లో ఓ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. అంతే!

దీనికన్నా ఘోరం అమెరికాలోని ఈక్విఫాక్స్‌లో జరిగింది. జనం అప్పుల చరిత్రను భద్రపరిచే సంస్థ అది. 2017లో దొంగలు లోపలికి చొరబడి 14 కోట్ల మందికి పైగా వివరాలు ఎత్తుకెళ్లారు. రాకపోకల మీద నిఘా పెట్టే పరికరం ఆ సంస్థ దగ్గర ఉంది. కానీ దాని సర్టిఫికెట్‌కు గడువు తీరి 19 నెలలైంది. కాపలాదారు గేటు దగ్గరే ఉన్నాడు... కళ్లకు గంతలతో. జులై 29న కొత్త సర్టిఫికెట్ వేయగానే అనుమానాస్పద రాకపోకలు బయటపడ్డాయి. అప్పటికే సొత్తు పోయింది.

ముందు ముందు ఈ పని ఇంకా పెరగబోతోంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గడువును దశలవారీగా తగ్గించాలని బ్రౌజర్ సంస్థలు, పూచీ సంస్థలు కలిసి 2025 ఏప్రిల్‌లో తీర్మానించాయి. దాని ప్రకారం 2026 మార్చి 15 నుంచి గరిష్ఠంగా 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. తాళం దొంగల చేతికి చిక్కినా ఎక్కువ కాలం పనికిరాకూడదన్నది ఇందులోని ఆలోచన. ఏడాదికోసారి గుర్తుపెట్టుకుని చేసే పని నెలన్నరకోసారి వస్తే మనిషి వల్ల కాదు. అందుకే ఆదేశాలను వరుసగా రాసి, వాటంతట అవే నడిచేలా పెట్టుకుంటున్నారు. మౌస్‌తో నొక్కే పనిని రాత్రి రెండింటికి కంప్యూటర్‌తో చేయించలేం. టైపు చేసే ఆదేశాన్ని చేయించగలం. నల్ల తెర విలువ అదే.

గుత్తిలో దొంగ తాళం

పూచీ ఇచ్చేవాళ్లే మోసపోతే? 2011లో నెదర్లాండ్స్‌లోని డిజినోటార్ సంస్థలోకి హ్యాకర్లు చొరబడి 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించారు. గూగుల్ పేరుతో పుట్టించిన దాన్ని ఇరాన్‌లో జీమెయిల్ వాడేవాళ్ల మీద ప్రయోగించారు. ప్రపంచమంతా తమ గుత్తుల్లోంచి డిజినోటార్‌ను తీసి పారేసింది. సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసింది. నమ్మకమే సరుకుగా అమ్మేవాడికి నమ్మకం పోతే ఇంకేం మిగులుతుంది?

అలాంటి దెబ్బ మనకూ తగిలింది. 2014 జులై 2న గూగుల్ ఇంజినీర్లు తమ సైట్ల పేరుతో ఎవరో పుట్టించిన సర్టిఫికెట్లను గమనించారు. గొలుసు పట్టుకుని పైకి వెళ్తే అది మన జాతీయ సమాచార కేంద్రం, ఎన్ఐసీ దగ్గర తేలింది. మర్నాడే కంట్రోలర్ కార్యాలయం ఎన్ఐసీ కింది సర్టిఫికెట్లను రద్దు చేసింది. ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి చొరబాటు జరిగిందని, తప్పుడు సర్టిఫికెట్లు నాలుగని, మూడు గూగుల్ పేరుతో, ఒకటి యాహూ పేరుతో ఉన్నాయని విచారణ తర్వాత చెప్పింది. అవి కాక ఇంకా ఉన్నాయని గూగుల్ అంది. మైక్రోసాఫ్ట్ 45 సైట్ల పేర్లతో హెచ్చరిక జారీ చేసింది. మన దేశపు మూలాన్ని క్రోమ్ బ్రౌజర్ ప్రభుత్వ, విద్యాసంస్థల చిరునామాల వంటి కొద్దిపాటి వాటికే పరిమితం చేసింది. ఫైర్‌ఫాక్స్‌కు మాత్రం ఏమీ కాలేదు. ఎందుకంటే దాని గుత్తిలో మన మూలం మొదటి నుంచీ లేదు.

చూశారా! నమ్మకమైన వాళ్ల జాబితాలో ఒక పేరు ఉండటం, లేకపోవడం ఎంత తేడా తెస్తుందో. అందుకే నెట్ సెంటర్ కుర్రాడు 'నమ్మదగినవాటిలో చేర్చు' అని నొక్కే ముందు, ఎవరు జారీ చేశారో చదివాడన్నది ఈ కథలో అసలైన మాట. చదవకుండా నొక్కితే రేపు దొంగ కాగితానికీ పచ్చ టిక్కే వస్తుంది.

మీరేం చేయొచ్చు?

* ఆధార్ వంటి ఫైళ్లను అధికారిక సైటు నుంచి మీరే దించుకోండి. వాట్సాప్‌లో ఎవరో పంపినదాని మీద పచ్చ టిక్కు కోసం సర్టిఫికెట్లను చేర్చకండి.

* డిజిటల్ సంతకం ఉన్న ఫైలును ప్రింటు తీస్తే అది మామూలు కాగితమే. సంతకాన్ని సరిచూసేది ఫైలులోనే. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోనో, మెయిల్‌లోనో దాచుకోండి.

* సొంత డిజిటల్ సంతకం డాంగిల్ ఉన్న వ్యాపారులు, సర్పంచులు, కార్యదర్శులు దాన్నీ, రహస్య సంఖ్యనూ ఒకరి చేతిలో పెట్టకండి. అది మీ చెయ్యి. ఆడిటరు గారికైనా, ఆపరేటరుకైనా ఇచ్చేది కాదు.

* డాంగిల్ పోయిందా? ఇచ్చిన సంస్థకు వెంటనే చెప్పి సర్టిఫికెట్ రద్దు చేయించండి. ఏటీఎం కార్డు పోతే చేసినట్టే.

* యాప్‌లు చేసే పిల్లలు కీస్టోర్ ఫైలును కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచాలి. రహస్య పదం ఆ ఫైలు పక్కనే ఉండకూడదు.

* సర్వర్లు చూసుకునేవాళ్లు నెలకోసారైనా 'లిస్ట్' ఆదేశం ఇచ్చి ముద్దుపేర్లూ గడువు తేదీలూ ఓ పట్టికలో రాసుకోవాలి. ఎందుకుందో తెలియని తాళం గుత్తిలో ఉంటే తేల్చాకే తీయాలి, తేలకుండా వదలకూడదు.

* బ్రౌజర్ 'ఈ సైటు సురక్షితం కాదు' అని హెచ్చరిస్తే డబ్బు వ్యవహారం అక్కడితో ఆపేయండి.

మన ఇళ్లలో ఒకప్పుడు తాళాల గుత్తి అత్త కొంగుననే ఉండేది. కోడలి చేతికి అది ఊరికే వచ్చేది కాదు. ఏ చెవి ఏ గదిదో, ఏ గది ఎప్పుడు తెరవాలో, ఎవరికి ఇవ్వకూడదో తెలిశాకే వచ్చేది. గుత్తి అందుకోవడమంటే నగలు అందుకోవడం కాదు, ఇంటి భారం అందుకోవడం. నల్ల తెర ముందు కూర్చునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

కీటూల్‌లో ఓ చిన్న మర్యాద ఉంది. గుత్తిలోకి ఎరగని సర్టిఫికెట్‌ను చేర్చమంటే, దాని వేలిముద్రలు చూపించి 'దీన్ని నమ్మమంటారా?' అని అడుగుతుంది. ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కితే 'వద్దు' అనే అర్థం చేసుకుంటుంది. 'సరే' అని మనమే రాయాలి. తలుపు తట్టిన ప్రతివాడికీ తాళంచెవి ఇవ్వొద్దని అత్త చెప్పిన మాటే ఇది. దుబాయ్ వెళ్లే కొడుకు కాగితాలు సంచీలో పెట్టుకుని నెట్ సెంటర్ మెట్లు దిగే పెద్దాయనకు ఈ కీటూల్ సంగతి తెలియక్కర్లేదు. ఎక్కడో ఓ పిల్లవాడు చదవకుండా 'సరే' అనకపోతే చాలు... ఆయన భూమీ, కొడుకు ప్రయాణమూ భద్రంగా ఉంటాయి.